గ్రంథపాలకుడు చెప్పవలసిన మాట

ప్రతి సంవత్సరము నవంబరు 14వ తేదీ మొదలు ఏడు దినములు దేశమంతట గ్రంథాలయ వారోత్సవములు జరుగుచున్నవి. 1919వ సంవత్సరమున ఆ తేదీనే మద్రాసు నగరమున అఖిల భారత గ్రంథాలయ మహాసభ సమావేశమైనందున ఈ దినము వారోత్సవమునకు ఆరంభదినమైనది. ఆ సభకు పూనుకొన్నవారిలో అగ్రగణ్యులు మన అయ్యంకి వెంకటరమణయ్యగారగుట ఆంధ్రులు మరువరాని విషయము. వారోత్సవములందు గుమ్మములకు తోరణములు కట్టుదురు. మూలనున్న పుస్తకములకు దుమ్ము దులిపి బల్లలపై పరచెదరు. బాలబాలికలకు వ్యాసరచన పోటీలు పెట్టుదురు. పురప్రముఖులు విచ్చేసి పుస్తకపఠనము వలని లాభములను గూర్చి ఉపన్యసించి వెడలిపోవుదురు. ఒక్క ప్రశ్న మాత్రము ఈ యేడు దినములలో ఎవ్వరును అడుగరు. ఆ గ్రంథాలయమున ఏండ్ల తరబడి కూర్చున్న గ్రంథపాలకుని సమీపించి, "అయ్యా, ఇన్ని పుస్తకములలో మీకు మిక్కిలి నచ్చినదేది? నాకేది యిత్తురు? మా పిల్లవానికేది యిత్తురు?" అని ప్రశ్నించువారు లేరు. ప్రశ్నించినచో తడుముకొనక బదులు చెప్పగల గ్రంథపాలకులును కొలదిమందియే.

ఇది స్వల్పవిషయముగా తోచవచ్చును. మా యభిప్రాయమున మన గ్రంథాలయములు బ్రతికియున్నవో లేవో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి పరీక్ష లేదు.

పేరెరిగిన పుస్తకము కొరకు వచ్చువానికి సూచీపత్రము చాలును. కాని గ్రంథాలయపు గడప త్రొక్కువారిలో పెక్కుమంది ఏ పేరును తలపెట్టుకొని రారు. ఏదో యొక మంచి పుస్తకము దొరకునను ఆశతో వచ్చి, నాలుగు అరలు తిరిగి, వెన్నులపై చెరిగిపోయిన అక్షరములను చదువలేక, దినపత్రికను తిరుగవేసి ఇంటికి పోవుదురు. రెండుమారులు ఇట్లు జరిగిన పిదప మూడవమారు రారు. వీరికి దారి చూపువారెవరు? అంగడివాడు తన యంగడిలో నిలిచిపోయిన సరుకును పొగడును. పత్రికలు, అందు మేమును చేరినవారమే, నిన్న అచ్చయిన గ్రంథమును సమీక్షించును గాని ముప్పది యేండ్ల క్రిందటి గ్రంథము నెత్తుకొనవు. పాఠశాల పరీక్షకు వచ్చుదానిని మాత్రమే చెప్పును. నేడు చేతిలోని ఫోను గూడ సలహాలు చెప్పుచున్నది. నిన్న కొన్నదానిని బట్టి అటువంటిదే మరియొకటి చూపుట దాని విద్య. అమ్ముకొనవలసిన అవసరము లేనివాడును, ఎదుట నిలిచిన మనిషి ముఖమును చూడగలవాడును, క్రొత్తదియని గాని పాతదియని గాని పక్షపాతము చూపనక్కరలేనివాడును ఊరిలో ఒక్కడే కలడు. అతడు గ్రంథపాలకుడు.

ఈ శాస్త్రమునకు మన దేశమున పితామహుడైన రంగనాథన్‌గారు మొదట గణితోపాధ్యాయులు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా నియమింపబడి, ఆ నిర్జనమైన పుస్తకాల నడుమ కొలది దినములలోనే విసిగి, తిరిగి కళాశాలకు పంపుడని కోరిరి. ముందు ఇంగ్లండు పోయి అచ్చటి గ్రంథాలయములను చూచి రమ్మనిరి. చూచివచ్చిన పిదప ఆయన మరల గణితము మాట యెత్తలేదు. 1931లో వారు ప్రకటించిన పంచసూత్రములలో రెండవది పాఠకుని పక్షమున నిలిచి అతనికి తగిన గ్రంథము ఎక్కడనని అడుగును; మూడవది గ్రంథము పక్షమున నిలిచి దానికి తగిన పాఠకుడు ఎక్కడనని అడుగును. రెండవ సూత్రమును ధనముతో కొంత నెరవేర్పవచ్చును. మూడవదానిని నెరవేర్చుటకు మనిషి కావలెను. అరలోని పుస్తకము తానుగా లేచి వచ్చి, చదువుమని ఎవ్వరి భుజమును తట్టదు.

మన పూర్వులు ఈ రహస్యమును శాస్త్రము పుట్టకమునుపే ఎరిగియుండిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పినవారు గాని, 1911లో బెజవాడ రామమోహన గ్రంథాలయమును లేవనెత్తినవారు గాని, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనమునకు పునాదివేసిన యువకులు గాని, పుస్తకములను కాపాడు ఉద్యోగమునకు వచ్చినవారు కారు. పుస్తకములను జనుల మీదికి తోలుటకు వచ్చినవారు. అక్షరము రానివారిని కూర్చుండబెట్టి చదివి వినిపించిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలపై పోవు పడవలో గ్రంథాలయము పెట్టిరి. పడవ మెల్లగా సాగును, ప్రయాణికునకు పనిలేదు, చేతికి పుస్తకమందినచో చదువక యేమిచేయును! ఇంతకంటె తెలివిగల ఏర్పాటును మేము వినలేదు. నిజాము రాష్ట్రమున తెలుగు గ్రంథాలయమన్న అధికారులకు అనుమానమైన కాలమున, వంటవాడుగను హోటలు పనివాడుగను పొట్టపోసికొనుచు చదువు నేర్చుకొన్న వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, అచ్చువేసిన పుస్తకములను తామే మోసికొని తిరిగి అమ్మిరి. ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'ని మద్రాసు ప్రభుత్వము నిషేధించియుండిన దినములలో దానిని చదువుమని ఒకరితో చెప్పుటయే సాహసము. పుస్తకమును సిఫారసు చేయుట మన దేశమున ఒకప్పుడు ఇట్టి పని. చెప్పినవాడు తాను చదివియుండెను, తన పేరును పణముగా పెట్టెను.

తరువాత చట్టములు వచ్చినవి. 1948లో మద్రాసు చట్టము, 1955లో హైదరాబాదు చట్టము, ఆ రెంటిని కలుపుచు 1960లో ఆంధ్రప్రదేశ చట్టము. ఇంటిపన్నుపై గ్రంథాలయ సెస్సు ఏర్పడినది. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ ఏర్పడినది. చందాలపై బ్రతికిన గ్రంథాలయములకు భవనములును జీతములును కలిగినవి. ఇది అల్పమైన లాభము కాదు. చట్టము కొరకు ఉద్యమకారులు పడిన పాట్లు ఎరిగినవారెవ్వరును దానిని తేలికచేసి మాటాడరు. కాని లాభముతోపాటు నష్టమొకటి చప్పుడు లేకుండ లోనికి వచ్చినది. పుస్తకమును ఎన్నువాడు ఒకచోట, దానిని పాఠకునికి ఇచ్చువాడు మరియొకచోట ఐపోయిరి. జాబితా పైనుండి వచ్చును, కట్టలు పైనుండి వచ్చును, శాఖా గ్రంథాలయమునందలి మనిషి కట్టలు విప్పి, ముద్రలు కొట్టి, సంఖ్యలు వేసి, రిజిస్టరులో ఎక్కించును. తాను కోరనివానిని, తాను చదువనివానిని, అతడేమని సిఫారసు చేయగలడు? దీనికి తోడు మరియొక శిక్ష. పుస్తకము పోయినచో దానికి జవాబుదారీ అతనిదే. ఇట్టి స్థితిలో బుద్ధిమంతుడైన ఉద్యోగి యేమిచేయును? బీరువాకు తాళము వేయును. పాఠకులు తక్కువైనచో ఇతని కెట్టి కష్టమును లేదు, పుస్తకములు తక్కువైనచో నున్నది. దొంగతనమునకు భయపడి మనము ఇచ్చిన ఉత్తరువు పఠనమునకే అడ్డుగోడయైనది.

పురపాలక సంఘములు వసూలుచేసిన సెస్సును సకాలమున చెల్లింపకుండుట పాత వ్యాధి, దానిని గూర్చి వ్రాయని సంవత్సరము లేదు. ఉద్యోగములు ఖాళీగా నుండుటయు అట్టిదే. రెండు మూడు గ్రంథాలయములకు ఒక్కడే తాళపుచెవులు మోయుచుండగా అతనిని నీకు నచ్చిన నవల యేదని అడుగుట పరిహాసమువలె నుండును. ఇది ఎరుగక మేము వ్రాయుటలేదు.

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమును చూచినవారు, జనము లేరని ఎవరన్నారని అడుగవచ్చును. ఉన్నారు. తెల్లవారకముందే వచ్చి చెట్లక్రింద సైతము కూర్చుండి చదువు యువకులు వందలకొలది యున్నారు. వారు సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదువుకొనువారు. పుస్తకములను పెక్కుమంది తామే తెచ్చుకొందురు. గ్రంథాలయమును వారు కోరునది నీడ, దీపము, నిశ్శబ్దము. బీదయింటి బిడ్డకు ఈ మూడును ఇచ్చుట గొప్ప ఉపకారమే, వారిని చూచి ముఖము చిట్లించు పండితులతో మాకు పొత్తులేదు. ఐనను మా మనవి యొకటి. ఆ పిల్లవాడు నాలుగేండ్లు ప్రతిదినము ఆ గుమ్మమున ప్రవేశించుచున్నాడు. ఆ నాలుగేండ్లలో ఒక్కనాడైన ఎవరో ఒకరు, "బాబూ, ఒక గంట ఆ ప్రశ్నపత్రములను ప్రక్కనబెట్టి దీనిని చూడు" అని చేతికి ఒక పుస్తకమీయవలదా? ఉద్యోగము వచ్చినను రాకున్నను అతనితో నిలుచునది అదియే.

ఇచట ఒక ఆక్షేపణ వచ్చును, అది బలవంతమైనది. గ్రంథపాలకుని ఇష్టమును జనుల నెత్తిన రుద్దవచ్చునా? అతని రుచి సంకుచితమైనచో, అతనికి కులపక్షమో మతపక్షమో ఉన్నచో గతి యేమి? ఈ భయము ఊహామాత్రము కాదనుటకు న్యూయార్కు నగర గ్రంథాలయ చరిత్రయే సాక్షి.

1906లో ఆ గ్రంథాలయమున బాలవిభాగమునకు అధికారిణిగా వచ్చిన ఆన్ కారల్ మూర్ అను ఆమె అసాధారణురాలు. పిల్లల కొలతకు తగిన కుర్చీలు వేయించెను. నిశ్శబ్దమను పలకలను తీయించెను. పుస్తకములను జాగ్రత్తగా చూచుకొందునని పెద్ద రిజిస్టరులో సంతకము చేసిన చాలును, ఏ బిడ్డయైనను పుస్తకమును ఇంటికి తీసికొనిపోవచ్చును. ఆమె మెచ్చిన పుస్తకముల జాబితా కొరకు ప్రచురణకర్తలు ఎదురుచూచెడివారు. ఇంతటి మహనీయురాలికే 1947లో వెలువడిన 'గుడ్‌నైట్ మూన్' అను చిన్న పుస్తకము నచ్చలేదు. కుందేలుపిల్ల యొకటి నిదురపోవుటకుముందు గదిలోని వస్తువులకెల్ల శుభరాత్రి చెప్పుటయే అందలి కథ. ఆమె అప్పటికే విశ్రాంతి తీసికొనినను ఆమె మాట చెల్లుచుండుటచే ఆ పుస్తకము 1972 వరకు ఆ గ్రంథాలయమున అడుగుపెట్టలేదు. ఇరువదియైదేండ్లు! ఒక మంచి మనిషి అభిరుచి ఎంతదూరము పోవునో చూడుడు.

అదే నగరమున అదే గ్రంథాలయ సంస్థలో మరియొక స్త్రీ చరిత్రను గూడ చెప్పవలెను. 1937లో నీగ్రోజాతి ప్రజలు నివసించు హార్లెం పేటలోని శాఖకు అగస్టా బేకర్ పనికి వచ్చెను. ఆమెయు ఆ జాతి బిడ్డయే. అరలలో నల్లపిల్లలను గూర్చిన పుస్తకములను తెరచి చూడగా అందు వారు నగుబాటునకు గురియైన బొమ్మలుగా కనబడిరి. ఆమె మనుష్యులను మనుష్యులుగా చూపిన పుస్తకములను ఒక్కొక్కటిగ వెదకి, 1939 నుండి ప్రత్యేకముగ ఒకచోట చేర్చి, 1946లో జాబితాను అచ్చువేయించెను. లేనివానిని వ్రాయింపుడని ప్రచురణకర్తలను అడిగెను. 1961లో నగరమందలి బాలవిభాగములన్నింటికిని ఆమెయే అధికారిణి యయ్యెను. 2020లో ఆ గ్రంథాలయము తన 125 సంవత్సరముల లెక్కలను తీయగా అన్నిటికంటె ఎక్కువమారులు, 4,85,583 మారులు, పాఠకులు తీసికొనిపోయిన పుస్తకము 'ది స్నోయి డే' అని తేలినది. 1962లో ఎజ్రా జాక్ కీట్స్ రచించిన ఆ పుస్తకమున మంచులో ఆడుకొనునది ఒక నల్లబాలుడు. బేకర్ జాబితా మూలముననే అది పుట్టెనని మేమనము. అట్టి పుస్తకమును అడుగ నేర్చిన గ్రంథాలయము ముందు పుట్టెననుట మాత్రము నిజము.

కావున ఒకరి రుచి దోషమునకు విరుగుడు అందరును నోరు మూసికొనుట కాదు. పదిమంది నోరు తెరచుట. మేము కోరునది ప్రభుత్వము ముద్రవేసిన ఉత్తమగ్రంథముల పట్టిక కాదు. అట్టి పట్టికలు ఎన్నో చూచితిమి. వానిలో ఎవరికిని కోపము రాని పుస్తకములు మాత్రమే యుండును, ఎవరికిని ప్రేమ పుట్టని పుస్తకములును అవియే. పట్టిక క్రింద శాఖ పేరు కాక మనిషి పేరుండవలెను. గ్రంథపాలకుడు ఒకటి చెప్పును, అటెండరు మరియొకటి చెప్పును. అటెండరు చెప్పుటేమని నవ్వువారు ఒకమారు ఏదైన పాత గ్రంథాలయమునకు పోయి చూడవలెను. ఏ పుస్తకము ఎన్నిమారులు బయటికి పోయి చిరిగి వచ్చినదో అతనికి తెలిసినట్లు అధ్యక్షునికి తెలియదు.

పిల్లల విషయమున మనము చేయు తప్పు మరియొక విధమైనది. పిల్లవాడు ఏది చదువునో చూడక, వాడేమి కావలెనో మనము తలచి, దానికి తగిన పుస్తకమును ఇత్తుము. చిన్నయసూరి 'నీతిచంద్రిక' తెలుగు వచనమునకు శిఖరము. ఎనిమిదేండ్ల పసివాని చేతిలో దానినుంచి నీతి నేర్చుకొమ్మనుట సూరిగారికిని పసివానికిని చేయు అన్యాయము. 1947లో పుట్టిన 'చందమామ' ఎందుకు ఇల్లిల్లు చేరినది? అది కథను కథగా చెప్పినది. అది నిలిచిపోయి పదేండ్లు దాటినను పాతసంచికల కట్టలను గ్రంథాలయమున బయట పెట్టినచో పిల్లలు నేటికిని వదలరు. తెలుగున 'రైలుబడి' అను పేర వచ్చిన జపాను పుస్తకమును మేము ఏ బిడ్డకైనను, ఏ ఉపాధ్యాయునకైనను ఇత్తుము. పాత రైలుపెట్టెలలో బడి నడుపు ఒక ప్రధానోపాధ్యాయుడు, క్రొత్తగ చేరవచ్చిన అల్లరిపిల్ల చెప్పు మాటలను గంటల తరబడి వినును. ఆ బడి 1945లో బాంబుల మంటలకు ఆహుతియైనది. పిల్లల మాట వినుటను గూర్చి మన ప్రసంగకర్తలందరు చెప్పినదానికంటె ఆ యొక్క ప్రకరణమున ఎక్కువ యున్నది.

హార్లెం బిడ్డకు వలెనే మన బిడ్డకును తన వీధి, తన యిల్లు, తన యమ్మ మాట పుస్తకమున కనబడవలెను. నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారి 'పచ్చనాకు సాక్షిగా'లో చిత్తూరు సీమ పల్లెయు, మహమ్మద్ ఖదీర్‌బాబుగారి 'దర్గామిట్ట కతలు'లో నెల్లూరు జిల్లా కావలి పట్టణపు ముసల్మాను ఇంటి బాల్యమును, సోమరాజు సుశీలగారి 'ఇల్లేరమ్మ కతలు'లో ఒక గడుసుపిల్ల లోకమును ఉన్నవి. ఇవి పెద్దల కొరకు వ్రాసినవా, పిల్లల కొరకు వ్రాసినవా అను చర్చ వ్యర్థము. పదేండ్ల బిడ్డకు చదివి వినిపింపుడు, తెలియును. వీని భాష గ్రాంథికము వ్రాయు మాబోటివారికి మొదట చెవికి కొట్టుకొన్నమాట నిజమే. పది పుటలు దాటునప్పటికి ఆ సంగతి మరచితిమి.

పెద్దలకేమి చెప్పుదురని మమ్మడిగినచో మా చీటీపై ముందుగ వ్రాయు పేరు ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర'. మద్రాసు సుప్రీంకోర్టున దుబాసీ ఉద్యోగము చేసిన ఈ పెద్దమనిషి 1830లో పరివారముతో బయలుదేరి కడప, హైదరాబాదు, నాగపురముల మీదుగ కాశికి పోయి 1831లో తిరిగి వచ్చెను. ఎక్కడ నీళ్లు దొరకును, ఎక్కడ దారి రాతినేల, ఏ ఊరిలో ఏ వస్తువు దొరకును అని దినదినము వ్రాసికొనెను. రైలు రాకమునుపటి మన దేశమును ఒక తెలుగువాని కండ్లతో చూచుటకు దీనికి సాటియైన గ్రంథము లేదు. పల్లె శాఖలలో దీనిని అడిగి తీసికొనిపోవువారు ఎందరు? రెండవ పేరు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి 'అనుభవాలూ–జ్ఞాపకాలూనూ'. వేదవిద్య గల యింట పుట్టినవాడు తెలుగుకథ కొరకు పెద్దలతో పెనగులాడిన వృత్తాంతమది. ఇవి మా పేర్లు. మా పట్టికలో స్త్రీలు తక్కువ, నేటి యువరచయితలు అసలే లేరు. మరియొకరి చీటీ దానిని దిద్దును.

దీనికి క్రొత్త చట్టము అక్కరలేదు. గుమ్మమున కండ్లకు ఎదురుగ తాళములేని ఒక అర. దానిలో పది పుస్తకములు, ఐదు పెద్దలకు, ఐదు పిల్లలకు. ప్రతిదానికి చేతివ్రాత చీటీ, ఎవరికి ఎందుకు నచ్చినదో నాలుగు పంక్తులు, క్రింద పేరు. నెలకొకమారు మార్చుట. చదువుకొనుటకు వచ్చు పిల్లలకు గూడ చీటీలిచ్చి వారి మాటను వారినే వ్రాయనీయుడు, తప్పులు దిద్దకుడు. జిల్లా సంస్థ ఏటేట కొను పుస్తకములలో కొంత భాగమును శాఖలోని మనిషియే ఎన్నుకొనునట్లు విడువవలెను. కలకత్తాలోని రాజా రామమోహనరాయ గ్రంథాలయ ప్రతిష్ఠానమునుండి వచ్చు పుస్తకములను గూర్చియు శాఖల కోరిక ముందు తెలిసికొనవలెను. ఆ తాళములేని అరలోని పుస్తకములలో ఏటికి ఇన్ని పోయినను జీతమునుండి పట్టకూడదని స్పష్టమైన ఉత్తరువీయవలెను. ఇదిలేక మొదటి రెండును సాగవు. పది పుస్తకములు బయట పెట్టుమని చెప్పి, పోయినచో నీవే కట్టుమన్నచో, ఆ అరకు మరునాడే గాజుతలుపు వచ్చును. వచ్చు నవంబరు వారోత్సవమునకు ముందు ఏ జిల్లా గ్రంథాలయ సంస్థ ఇట్టి ఉత్తరువు నిచ్చునో దాని పేరును ఈ పుటలో ప్రకటించుటకు మేము సిద్ధముగ నున్నాము.